కడపలో కొన్న క్యూబా చుట్ట

గండికోటలో పెన్నా లోయ చూసిన ఆనందాన్ని కడపలో కొన్న ఒక్క చుట్ట మింగేసింది. ధర 2,800 రూపాయలు. మేము రెండు రాత్రులు దిగిన లాడ్జికి కట్టింది 2,400.

బాబాయి యాభై ఏళ్లుగా చుట్ట కాలుస్తారు. చనిపోయేలోపు ఒక్కసారైనా క్యూబా చుట్ట రుచి చూడాలన్నది ఆయన కోరిక. రెండో రోజు సాయంత్రం ఒక దుకాణంలో, అద్దాల బీరువాలో క్యూబా బ్రాండు కోహిబా పట్టీ ఉన్న చుట్టలు కనిపించాయి. పెట్టె చూపించమన్నాను. క్యూబా పెట్టె మీద ఆకుపచ్చ, తెలుపు రంగుల హామీ ముద్ర ఉంటుంది. మన దేశంలో అమ్మాలంటే 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక కూడా ఉండాలి. "పెట్టె గోదాములో ఉంది, మేము విడిగానే అమ్ముతాం" అన్నాడు దుకాణదారు. అక్కడే వెనక్కి తిరగవలసింది. బాబాయి ముఖంలో వెలుగు చూసి డబ్బు ఇచ్చేశాను. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె మాత్రం వేసిచ్చాడు.

లాడ్జి మేడ మీద ముట్టించారు. పై ఆకు వేళ్ల మధ్యే పెటపెట చిట్లింది. రెండు దమ్ములకే నాలుక మండింది. నుసి పొడిపొడిగా పంచె మీద రాలింది. ఆయన దాన్ని ఆర్పి, చాకుతో నిలువునా చీల్చారు. లోపలంతా తుక్కు! అసలు కోహిబాలో నిండు ఆకులను మడతలుగా పేరుస్తారు. "పొగాకు తుక్కురా ఇది" అన్నారు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

అంతమాత్రాన క్యూబా చుట్ట పేరు ఉత్త గొప్ప అనను. రెండేళ్ల క్రితం దుబాయి నుంచి బావ తెచ్చిన సీలు పెట్టెలోది నేను కాల్చాను. ముప్పావు గంట సమంగా కాలింది, నుసి అంగుళం దాకా నిలిచింది. క్యూబాలో పొగాకుకు పేరున్న పినార్ డెల్ రియో నేలలో పండిన ఆకు అది. 1966లో మొదలైన కోహిబాకు కొన్ని రకాల ఆకులను మూడోసారి కూడా మగ్గబెడతారు. ఆ శ్రమ రుచిలో తెలుస్తుంది. అయితే దానికి 70 శాతం దాకా తేమ కావాలి. తడి నిలిపే పెట్టె లేకుండా కడప మే నెల ఎండలో ఉంచితే అసలైనదీ వరిగడ్డిలా ఎండిపోతుంది. ఇక్కడ బీరువాలో విడిగా పెట్టినదాన్ని వంద రూపాయలకిచ్చినా కొనకండి.

 

మరునాడు ఉదయం దుకాణానికి వెళ్తే "కాల్చిన సరుకు వెనక్కి తీసుకోము" అన్నాడు. అక్కడి నుంచి నేరుగా ఎర్రకారం దోసెల బండికి వెళ్లాం. దోసె 60 రూపాయలు; పప్పుల పొడి ధారాళంగా చల్లి, అంచులు కరకరలాడేలా కాల్చి ఇచ్చాడు. బాబాయి రెండు తిని, మూడోది చెప్పారు. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఈసారి సీలు విప్పని పెట్టె తెమ్మని బావకు ఫోను చేశాను. బాబాయికి ఇంకా చెప్పలేదు.