ఆర్‌సీ బగ్గీకి ముందుగా మార్చవలసినది స్ప్రింగా, షాక్ ఆయిలా?

వెనుక చక్రాలు పట్టు తప్పి కారు గిర్రున తిరిగిపోతున్నప్పుడు మెత్తని స్ప్రింగ్ వేయాలా, షాక్‌లలో (కుదుపును అణచే ఆయిల్ గొట్టాలలో) పలుచని ఆయిల్ పోయాలా అని 1/10 (అసలు కారులో పదోవంతు సైజు) రిమోట్ ఆఫ్‌రోడ్ బగ్గీ నడిపేవారు తరచుగా అడుగుతున్నారు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు కనుక, ఒకదానితోనే మొదలుపెట్టాలి.

చాలామంది స్ప్రింగ్ వైపే మొగ్గుతారు. కింది కప్పు తీసి స్ప్రింగ్ మార్చి, కారు కాస్త కుంగుతుంది కనుక స్ప్రింగ్ మీది కాలర్ (రింగు) తిప్పి రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) సరిచేస్తే సరిపోతుంది. ఎండ ముదిరినా స్ప్రింగ్ గుణం మారదు; సిలికోన్ ఆయిల్ మాత్రం వేడికి పలుచబడుతుంది. పైగా ఒక కంపెనీ 30 వెయిట్ (చిక్కదనాన్ని తెలిపే అంకె) ఆయిల్ మరో కంపెనీ 30తో సమానం కాకపోవచ్చు కాబట్టి సీసా మీద సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) సంఖ్యనే చూసుకోవాలి. ఆయిల్ పోశాక పిస్టన్‌ను (షాక్ లోపల ఆయిల్‌లో కదిలే రంధ్రాల బిళ్లను) మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ బుడగలన్నీ పైకి తేలేదాకా ఆగడం, నాలుగు షాక్‌లకూ చేయవలసి వస్తే, ఓపికను పరీక్షించే పనే.

అయినా సౌలభ్యాన్ని బట్టి కాక, కారు ఏ క్షణంలో జారుతున్నదన్న దానిని బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. పొడవైన మలుపు మధ్యలో కారు ఒక పక్కకు ఒరిగి కుదురుకున్నాక షాక్ కడ్డీ దాదాపు కదలదు, కనుక అక్కడ ఆయిల్ చేయగలిగింది ఏమీ లేదు. జారుడు అక్కడే కనిపిస్తే వెనుక మెత్తని స్ప్రింగ్ వేయడమే సరైన మందు. అలా కాక, గతుకుల మీద థ్రాటిల్ ఇచ్చినప్పుడు చక్రాలు ఎగిరెగిరి పడుతుంటే లోపం ఆయిల్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. పాత ఆయిల్‌నే ఉంచి స్ప్రింగ్‌ను మాత్రం మెత్తబరిస్తే, ఒక గతుకు దాటిన చక్రాన్ని తిరిగి కిందికి నెట్టే బలం తగ్గుతుంది, దానిని అడ్డుకునే ఆయిల్ మాత్రం అంతే చిక్కగా ఉంటుంది. చక్రం పూర్తిగా దిగేలోపే మరో గతుకు తగలడంతో కారు అంతకంతకూ కుంగి, మొదటికంటే అధ్వానంగా నడుస్తుంది. మట్టి ట్రాకులలో గతుకులు తప్పవు కనుక నేనైతే ముందుగా ఆయిల్ సీసానే అందుకుంటాను.

దూకి దిగినప్పుడు ఛాసిస్ (కారు అడుగు భాగం) నేలకు కొట్టుకుంటుంటే పిస్టన్‌ను కూడా చూడాలి. సన్నని రంధ్రాలున్న పిస్టన్‌కు పలుచని ఆయిల్ జతచేస్తే, మామూలు కదలికలో షాక్ మెత్తగానే ఉండి, ఒక్కసారిగా దెబ్బ తగిలినప్పుడు మాత్రం గట్టిపడుతుంది.

మలుపులో కారు ఒక పక్కకు ఎక్కువగా ఒరగకుండా ఆపే కడ్డీ అయిన యాంటీ-రోల్ బార్ విషయానికి వస్తే, కార్పెట్ వంటి చదునైన, పట్టు ఎక్కువగా ఉన్న ట్రాకులలో అది బాగానే ఉపకరిస్తుంది. అటువంటి చోట స్ప్రింగ్‌తో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.