యాంప్‌కి ఏమీ కాలేదు, స్పీకర్ సంగతే వేరు

గిటార్ యాంప్‌లో బాస్ గిటార్ పెట్టి వాయిస్తే పాడవుతుందా అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది కొత్తగా బాస్ కొన్న కుర్రాళ్లే. ఇంట్లో అన్నదో తమ్ముడిదో ఒక చిన్న గిటార్ యాంప్ ఉంటుంది. బాస్‌కి వేరే యాంప్ కావాలంటే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. గదిలో ఒక్కరే కూర్చుని వాయించుకుంటే ఏ భయమూ లేదు. డ్రమ్స్ పక్కన పెట్టి వాయిస్తే మాత్రం ఈరోజు కాకపోతే రేపు స్పీకర్ పోతుంది.

నాది 20 వాట్ల ట్రాన్సిస్టర్ కాంబో, అంటే యాంప్, స్పీకర్ ఒకే డబ్బాలో ఉండేది. పది అంగుళాల స్పీకర్ ఒక్కటే, డబ్బా వెనక సగం తెరిచి ఉంటుంది. హన్మకొండలో మా ఇంటి పైగదిలో ఏళ్ల తరబడి నాలుగు తీగల బాస్‌ని దీంట్లోనే వాయిస్తున్నాను. కంపెనీ పేరుతో పని లేదు, ఈ సైజులో ఎవరిదైనా లోపల ఉండేది ఇంచుమించు ఇదే సరుకు. ఇప్పటికీ గిటార్ పెడితే కొన్నప్పటిలాగే మోగుతోంది. జాక్ కాస్త వదులైంది, వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటుంది. ఆ రెండూ వయసు వల్ల వచ్చినవి, బాస్ మీద నెట్టలేం.

చాలామంది భయం సర్క్యూట్ కాలిపోతుందని. సర్క్యూట్‌కి బాస్ సిగ్నలైనా గిటార్ సిగ్నలైనా ఒకటే. బ్యాటరీ వేసే యాక్టివ్ బాస్ అయితే సిగ్నల్ ఎక్కువొచ్చి ఇన్‌పుట్ దగ్గర కాస్త చీలుతుంది, గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) తగ్గిస్తే సర్దుకుంటుంది. ఇంతకీ గిటారిస్టులు నెత్తిన పెట్టుకునే ఫెండర్ బాస్‌మన్ 1952లో బాస్ కోసమే వచ్చిన యాంప్. ఆ తర్వాత గిటార్ వాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. 1962లో లండన్‌లో మొదలైన మార్షల్ తొలి యాంప్ సర్క్యూట్ దాన్ని చూసి చేసిందే. అంటే తేడా వైర్లలో లేదు, స్పీకర్‌లో కదిలి శబ్దం చేసే కోన్‌లో ఉంది, డబ్బాలో ఉంది.

గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బాస్‌లో ఆ తీగ 41 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఒక ఆక్టేవ్ కింద. ఐదు తీగల బాస్ అయితే 31కి దిగుతుంది. ఒక ఆక్టేవ్ కిందికి వెళ్లి అంతే గట్టిగా వినిపించాలంటే కోన్ నాలుగు రెట్లు దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. గిటార్ స్పీకర్ కోన్ తేలికైన కాగితం, అంచు బిగుతు, దాన్ని కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్, పొట్టి. కాస్త దూరం కదలడానికే దాన్ని చేశారు. బాస్ స్పీకర్‌కి అంచు మెత్తగా, వెడల్పుగా ఉంటుంది, కాయిల్ పొడుగ్గా ఉంటుంది. పైగా మూసిన డబ్బా అయితే లోపలి గాలి కోన్‌ని కొంత పట్టి ఆపుతుంది. వెనక తెరిచిన కాంబోలో ఆ ఆసరా ఉండదు. కింది స్వరాలకు కోన్ ఊరికే కొట్టుకుంటుంది, చెవికి చేరే శబ్దం మాత్రం అంతంతే.

స్పీకర్ వెనక రాసిన వాట్లు చూసి ధైర్యపడటం ఇక్కడ కుదరదు. ఆ అంకె కాయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెబుతుంది. ఎంత దూరం కదిలితే కాయిల్ వెనక ఇనుముకు తగులుతుందన్నది వేరే లెక్క. 40 హెర్ట్జ్ దగ్గర ఆ దూరం రాసిన వాట్లలో కొద్ది భాగానికే వచ్చేయొచ్చు. పది అంగుళాలు చిన్న సైజు కావడం వల్లనుకుంటే అదీ కాదు. 1969 నాటి ఆంపెగ్ ఎస్‌వీటీ అనే పెద్ద బాస్ యాంప్ క్యాబినెట్‌లోనూ (స్పీకర్ డబ్బాలోనూ) పది అంగుళాల స్పీకర్లే. కాకపోతే ఎనిమిది, అవీ మూసిన డబ్బాలో. పని ఎనిమిదింటికి పంచితే ఒక్కోటి కదిలే దూరం తగ్గుతుంది. వాటిని మోగించే తల (స్పీకర్ లేకుండా విడిగా ఉండే యాంప్) 300 వాట్లది.

డ్రమ్స్ పక్కన పెడితే ఏమవుతుందో కాజీపేటలో ఒక చర్చి కుర్రాళ్ల బృందంతో చూశాను. క్రిస్మస్ పాటల ప్రాక్టీస్, చిన్న హాలు, డ్రమ్మర్‌ది గట్టి చెయ్యి. బాస్ వినిపించడం లేదని ఒకరు వాల్యూమ్ పెంచారు, ఇంకొకరు బాస్ నాబ్ చివరిదాకా తిప్పారు. ఆ నాబ్ 12 డెసిబెల్స్ పెంచితే ఆ కింది స్వరాల దగ్గర యాంప్ పదహారు రెట్లు పవర్ తోయాలి. అంత పవర్ ఆ యాంప్‌లో లేదు. దాంతో స్వరం చీలింది, ఆ చీలిక కూడా కాయిల్‌ని వేడెక్కించింది. రెండు మూడు రోజులు బర్రుమంది. తర్వాత కింది తీగ మీటినప్పుడల్లా టక్‌మని తగిలిన చప్పుడు. చివరికి కాలిన వాసన. వరంగల్ స్టేషన్ వైపు స్పీకర్లకు కాయిల్ కట్టే పెద్దాయన దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. విప్పి చూపించాడు: కాయిల్ వంకరపోయి ఒక పక్క నల్లబడింది. "యాంప్ మంచిగనే ఉన్నది తమ్మీ, స్పీకరే పోయింది. గింత దాంతోని గంత బాస్ ఎట్ల తీస్తరు?" అన్నాడు. ఆయన కొత్త కోన్, కాయిల్ వేసిచ్చాక అదే యాంప్ మళ్లీ పనిచేసింది, గిటార్‌కి.

ఆయన చెప్పింది నా చెవికీ తెలిసిందే. ఈ యాంప్ ముందుగా హెచ్చరిస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన స్వరం పిత్తినట్టు వస్తే (మర్యాదగా చెప్పడానికి ఇంకో మాట లేదు) అక్కడే ఆపాలి. కంగారు పడే ముందు ఒక్కసారి అటక వైపు కూడా చూడండి. మా ఇంట్లో సగం గలగలలు స్టీలు గిన్నెలవే, కిటికీ రెక్కలవే. వాటిని చేత్తో పట్టుకున్నా చప్పుడు ఆగకపోతే అప్పుడు స్పీకర్‌ని అనుమానించాలి.

నేను వాడే పద్ధతి: బాస్ నాబ్ సగం కంటే తక్కువ, మిడ్ ఎక్కువ, పక్క గదిలో మాట్లాడుకునేవాళ్లకు అడ్డు రానంత వాల్యూమ్. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించాలంటే హెడ్‌ఫోన్స్. 41 హెర్ట్జ్ ఈ స్పీకర్‌లోంచి దాదాపు రాదు, అయినా పాట తెలుస్తుంది. పైనున్న హార్మోనిక్స్ (అదే తీగ నుంచి వచ్చే పై ధ్వనులు) విని మెదడు కింది స్వరాన్ని పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో బాస్ లైన్ గుర్తుపట్టేది అలాగే.

ఇన్నేళ్లలో నాకు నష్టమంటూ జరిగింది యాంప్‌కి కాదు, చేతికి. లోతు వినిపించకపోయేసరికి తెలియకుండానే గట్టిగా మీటడం అలవాటైంది, చెయ్యి బ్రిడ్జ్ వైపు జరిగిపోయింది. ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో అసలైన బాస్ యాంప్ ముందు నిలబడ్డప్పుడు ప్రతి స్వరం బొంగురుగా ఉప్పొంగింది. ఎక్కడ తీగ ఆపాలో, ఎంత ఆపాలో అప్పుడు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. స్పీకర్ పోతే మార్చుకోవచ్చు, ఈ అలవాటు వదలడానికి చాలా కాలం పట్టింది. నా వరకు గిటార్ యాంప్ మీద పెద్ద ఫిర్యాదు ఇదే.

వాల్వ్ (గాజు ట్యూబులతో నడిచే) యాంప్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. దాని తలని ఓమ్స్ (స్పీకర్ నిరోధం) సరిపోయే బాస్ క్యాబినెట్‌కి కలిపితే హాయిగా వాయించొచ్చు. స్పీకర్ వైరు పీకేసి మాత్రం ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం అక్కడుంది. తిరగేసి బాస్ యాంప్‌లో గిటార్ పెడితే ఏ ఇబ్బందీ లేదు, స్వరం కాస్త మందంగా ఉంటుందంతే.

బ్యాండ్‌తో వాయించాలంటే మంచి బాస్ యాంప్ కోసం హైదరాబాద్ వెళ్లి, రైల్లో కాజీపేట దాకా మోసుకురావాల్సిన పని అందరికీ లేదు. చర్చిలోనో ఫంక్షన్ హాల్లోనో మిక్సర్, పెద్ద స్పీకర్లు ఎలాగూ ఉంటాయి. డీఐ బాక్స్ (బాస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) ఒకటి పెట్టుకుని బాస్‌ని నేరుగా మిక్సర్‌కి ఇవ్వండి, సౌండాయన్ని 40 హెర్ట్జ్ కింద కోసేయమనండి. కీబోర్డ్ యాంప్ దొరికితే అదీ పనికొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ గిటార్ కాంబో కొనేవాళ్లు, పాత యజమాని దాంట్లో బాస్ బాదాడేమో చూసుకోవాలంటే కరెంటు తీసేసి, రెండు బొటనవేళ్లూ కోన్‌కి చెరో పక్కన పెట్టి, సమానంగా, మెల్లగా నొక్కండి. మెత్తగా లోపలికి వెళ్లి రావాలి. ఇసుక రాసినట్టు గీరుకుంటే కాయిల్ తగులుతున్నట్టే, రిపేరు ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.