నల్లమల దాటి గండికోటకు సైకిలు ప్రయాణం: అన్నానికి గడియారం, నీళ్లకు దూరం

హైదరాబాదు నుంచి శ్రీశైలం చేరి, అక్కడి నుంచి నల్లమల దాటి ఆత్మకూరు, నంద్యాల, అహోబిలం మీదుగా గండికోటకు వెళ్లే దారి, సామాను కట్టుకొని సైకిలు తొక్కేవారికి మన రెండు రాష్ట్రాల్లో దొరికే మంచి దారుల్లో ఒకటి. అయితే ఈ దారిలో తిండి ఏర్పాట్లను కిలోమీటర్లను బట్టి వేసుకుంటే లెక్క కుదరదు. మైదానంలో ఎటు చూసినా ఊళ్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి; కాని ఊరు ఉండటం వేరు, మనం వెళ్లే వేళకు ఆ ఊళ్లో పొయ్యి వెలుగుతూ ఉండటం వేరు. అడవిలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ వేళ ఏదైనా ఊరు కనిపించడమే అరుదు. అందువల్ల మేము బయలుదేరే ముందు రెండు వేర్వేరు లెక్కలు వేసుకున్నాం: అన్నానికి గడియారాన్ని, నీళ్లకు దూరాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాం.

గడియారం సంగతి ముందు చెబుతాను. రహదారి పక్క ఊళ్లలో ఉదయం ఆరు, ఆరున్నరకల్లా టిఫిన్ బండ్లు మొదలవుతాయి. పదిన్నర దాటితే గిన్నెలు కడిగేస్తారు. మీల్స్ పన్నెండు తరువాతే సిద్ధమవుతాయి, రెండున్నర, మూడు దాటాక అడిగితే కూరలు అయిపోయాయని అంటారు. మూడు నుంచి ఐదు దాకా టీ, బిస్కెట్లు తప్ప మరొకటి దొరకడం కష్టం. ఐదు తరువాత మిరపకాయ బజ్జీలు, పునుగులు వేస్తారు. రాత్రి ఏడు నుంచి మళ్లీ దోసెలు, చపాతీలు. సైకిలు తొక్కేవారికి ఆకలి సరిగ్గా ఈ ఖాళీల్లోనే వేస్తుంది. కాబట్టి ఉదయం మొదటి వాయి ఇడ్లీ తిని బయలుదేరి, తొమ్మిదిన్నర ప్రాంతంలో రెండో టిఫిన్ చేసి, ఒంటిగంటలోపు ఏదో ఒక పట్టణంలో మీల్స్‌కు కూర్చునేలా రోజును విభజించుకుంటే సంచిలో మోయవలసిన తిండి సగానికి తగ్గుతుంది. మధ్యాహ్నం మెస్సులో తిన్నాక పెరుగన్నమో, నిమ్మకాయ పులిహోరో పార్సిల్ కట్టించుకుంటే నాలుగు గంటల వేళ దానికి సాటి వచ్చేది లేదు.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా డిండి వరకు తిండికి ఏ లోటూ లేదు, అందువల్ల ఈ భాగం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నీళ్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడు సమస్య దశాబ్దాలుగా అందరికీ తెలిసినదే. డిండి పరిసరాలు ఆ జిల్లాలోవే. సైకిలు యాత్రికులు వెంట తెచ్చుకునే చిన్న గొట్టపు ఫిల్టర్లు సూక్ష్మక్రిములను వడకడతాయి గాని, నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడును గాని లవణాలను గాని తీయలేవు. మరిగించినా ఫ్లోరైడు పోదు. ఒకటి రెండు రోజులు బోరు నీళ్లు తాగినంత మాత్రాన ఫ్లోరోసిస్ రాదు, అది ఏళ్ల తరబడి తాగినవారికి వచ్చే బాధ. అయినా దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ వాటర్ ప్లాంటు ఉంది. నాణెం వేస్తే క్యాను నిండే యంత్రాలూ ఉన్నాయి. ఐదో పదో రూపాయలకు ఇరవై లీటర్లు వచ్చే చోట మూడు సీసాలు నింపుకుంటామంటే డబ్బు తీసుకోవడానికి మొహమాటపడేవారే ఎక్కువ. దుకాణంలో లీటరు సీసా కొనవలసిన అవసరం ఈ ప్రయాణంలో చాలా అరుదు.

అడవిలోకి ప్రవేశించే ముందు రాత్రి ఎక్కడ ఆగాలన్నది మొదటి పెద్ద నిర్ణయం. అచ్చంపేట రహదారికి కొంచెం పక్కగా ఉంటుంది. లాడ్జీలు, కిరాణా కొట్లు, మందుల దుకాణాలు, తెల్లవారుజామున తెరిచే టిఫిన్ సెంటర్లు అన్నీ ఉన్నాయి. మన్ననూరు సరిగ్గా అడవి గడప మీద ఉంది. గాలి బాగుంటుంది, ఉదయాన్నే చెక్‌పోస్టు దాటవచ్చు, కాని కొనుగోళ్లకు అవకాశం తక్కువ. అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపేస్తారు కాబట్టి, అచ్చంపేటలో పడుకొని చీకటితో లేచి వచ్చినా గేటు తీసే వేళకు చేరితే చాలు, ముందే వచ్చి సాధించేది లేదు. నా ఓటు అచ్చంపేటకే. మన్ననూరులో బస ముందే ఖరారై, రాత్రి భోజనం వండిపెడతామని ఫోనులో మాట ఇచ్చినప్పుడే అక్కడ దిగడం మంచిది.

మన్ననూరు నుంచి శ్రీశైలానికి దాదాపు 80 కిలోమీటర్లు. అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. రాష్ట్రం విడిపోక ముందు రెండూ ఒకటే. సామానుతో, ఎత్తుపల్లాల మీద ఈ దూరానికి ఆరేడు గంటలు పడుతుంది. చలికాలంలో కూడా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగవలసి వస్తుంది, అంటే మొత్తం మీద నాలుగు లీటర్లకు అటూ ఇటూ. అన్ని నీళ్లూ ఒకేసారి మోస్తే సైకిలు మీద నాలుగు కిలోలు అదనంగా పడినట్టే. దారిలో సగానికి కొంచెం ముందు వటవర్లపల్లి, చివరి భాగంలో దోమలపెంట, ఈగలపెంట ఉన్నాయి కనుక మేము మూడు లీటర్లతో బయలుదేరి వటవర్లపల్లిలో ఒకసారి నింపుకొనే పద్ధతి పెట్టుకున్నాం. అది చక్కగా సరిపోయింది. ఫ్రేము మీద రెండు ముప్పావు లీటరు సీసాలు, మిగతా లీటరున్నర ఫ్రేమ్ బ్యాగులో మెత్తటి సంచిలో. బరువు ఎంత కిందుగా ఉంటే మలుపుల్లో అంత నిలకడ. వాగులు కనిపించినా వాటిలోకి దిగకూడదు: సంక్రాంతి దాటేసరికి చాలావరకు ఎండిపోతాయి, నీళ్లు మిగిలిన చోటికి జంతువులు వస్తాయి, పైగా రోడ్డు దిగడానికి అనుమతి లేదు. గుడారం వేసే ఆలోచన అసలే పనికిరాదు.

ఈ దారిలో తిండికి పెద్ద శత్రువు కోతి. అరటిపండ్లు హ్యాండిల్ బ్యాగు జాలీలో కనిపించేలా పెట్టుకున్నవారు ఒక్క నిమిషం ఆగినా అవి మిగలవు. పార్సిల్ పొట్లం వాసన కూడా వాటికి చాలు. తినేవన్నీ జిప్పు ఉన్న సంచిలో అడుగున ఉండాలి, తినడానికి ఊరి మధ్యలోనే ఆగాలి. అభయారణ్యంలో ప్లాస్టిక్ వాడకం మీద ఆంక్షలు ఉన్నందున స్టీలు డబ్బా, పదే పదే నింపుకొనే సీసాలే మేలు. ఫోను సిగ్నలు చాలా చోట్ల ఉండదు. చెల్లింపులకు పది, ఇరవై నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

ఈగలపెంట నుంచి ఘాటు దిగి, ఆనకట్ట దిగువన కృష్ణ మీది వంతెన దాటితే లింగాలగట్టు. చేపల పులుసు, వేపుడుతో అన్నం పెట్టే చిన్న హోటళ్లు ఇక్కడ ఉన్నాయి. అయితే ఇక్కడి నుంచి సున్నిపెంట దాకా నిట్టనిలువు ఎక్కుడు. కడుపు నిండా చేపల కూర తిని ఆ ఎక్కుడు తొక్కడం ఎవరికీ సలహా ఇవ్వను. తినదలిస్తే గంట విశ్రాంతికి కూడా సమయం పెట్టుకోవాలి.

శ్రీశైలంలో బసకు మూడు దారులున్నాయి: దేవస్థానం వసతి గృహాలు, కులసంఘాల సత్రాలు, పర్యాటక శాఖ హోటలు. దేవస్థానం గదులు ధరకు తగినవి, ముందే ఆన్‌లైనులో తీసుకోవచ్చు. సత్రాలు ఇంకా చవక, మధ్యాహ్న భోజనం కూడా అక్కడే జరిగిపోతుంది. కాని ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వడానికి కొన్ని చోట్ల వెనుకాడతారు, సైకిలు లోపల పెట్టనిస్తారా అన్నది గుమాస్తా మనసును బట్టి ఉంటుంది. పర్యాటక హోటలులో ఖర్చు ఎక్కువ, కాని సైకిలుకు చోటూ, రాత్రి ఆలస్యంగా వచ్చినా తిండీ దొరుకుతాయి. దేవస్థానం అన్నప్రసాదం గురించి ఒక మాట: వేడి అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ అడిగినంత పెడతారు; రోజంతా చెమట ఓడ్చినవాడికి అంతకన్నా తగిన భోజనం ఏ రెస్టారెంటులోనూ ఉండదు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, ఉగాది రోజుల్లో గది దొరకడం దుర్లభం. అయితే అవే రోజుల్లో అడవి దారుల్లో అన్నదాన శిబిరాలు, చలివేంద్రాలు వెలుస్తాయి. ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో కాలినడకన వస్తారు. వారికోసం పెట్టిన పందిళ్లలో దారినపోయేవారిని ఎవరినీ కాదనరు. కాని అప్పటికి ఎండ ముదురుతుంది, రోడ్డు మీద రద్దీ కూడా ఎక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పండుగలు లేని వారాలే అన్నివిధాలా మేలు.

శ్రీశైలం నుంచి దోర్నాల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆత్మకూరు మరో 60. మొత్తం ప్రయాణంలో నీళ్లకు అసలు పరీక్ష ఈ రెండో ముక్కే. మధ్యలో జనం ఉండే చోట్లు తక్కువ, వాటిలో ఏ రోజు ఏ కొట్టు తెరిచి ఉంటుందో నమ్మకం లేదు. రెండు ముక్కలనూ ఒకే రోజున కలిపితే చలికాలపు సాయంత్రం అడవిలోనే చీకటి పడే ప్రమాదం ఉంది. దోర్నాలలో మధ్యాహ్నానికి చేరి ఆగిపోవడమే మంచిది. గదులు సాదాసీదావి, భోజనం బాగుంటుంది. మర్నాడు ఉదయం నాలుగు లీటర్ల నీళ్లు, ఒక పూట తిండి వెంట ఉండాలి. ఆత్మకూరుకు ముందు బైర్లూటిలో అటవీశాఖ నడిపే విడిది ఉంది. ముందుగా నమోదు చేసుకుంటే భోజనంతో సహా వసతి ఇస్తారు. సైకిలు యాత్రికుల బడ్జెటుకు అది కొంచెం ఎక్కువే, కాని అడవిని చూడాలనుకున్నవారికి పెట్టిన డబ్బు వృథా కాదు.

వెలుగోడు మీదుగా నంద్యాల చేరితే మళ్లీ పట్టణం. సంచిని మొత్తంగా నింపుకోవడానికి ఇదే తగిన చోటు: పల్లీ చిక్కీ, ఖర్జూరం, పుట్నాలు, బొరుగులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. మందుల దుకాణంలో లీటరు నీటిలో కలిపే పొడి పొట్లాన్నే అడగాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాల్లో చక్కెర ఎక్కువ; అలాంటి వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది, దాని వెనుక హైదరాబాదు పిల్లల వైద్యురాలి ఏళ్లనాటి పోరాటం ఉంది. వాటర్ ప్లాంటు నీళ్లలో లవణాలు తక్కువ కనుక చెమట ఎక్కువగా పట్టిన రోజున ఉప్పు వేసిన మజ్జిగో, ఈ పొడో తప్పనిసరి. నంద్యాలలో ఉదయం ఉగ్గాని, బజ్జీ తినకుండా కదలకూడదు: బొరుగులతో చేసినది కాబట్టి కడుపులో బరువుగా ఉండదు, రెండు గంటలు తొక్కడానికి సరిపడా బలం ఇస్తుంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40, అక్కడి నుంచి అహోబిలం 25 కిలోమీటర్లు. దిగువ అహోబిలంలో పర్యాటక హోటలు, మఠం వసతి, సత్రాలు ఉన్నాయి. మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది గాని రాత్రి ఎనిమిది దాటితే వీధులు నిద్రపోతాయి. అందుకని చేరగానే రాత్రి భోజనం చెప్పి పెట్టాలి. ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు. సామాను గదిలో వదిలి, ఒక సీసా నీళ్లతో వెళ్లిరావచ్చు.

గండికోటకు చివరి సరుకుల ఊరు జమ్మలమడుగు. అక్కడి నుంచి 15 కిలోమీటర్లే కదా అని ఖాళీ సంచితో ఎక్కేవారికి పైన దొరికేది పర్యాటక హోటలు రెస్టారెంటు, కొన్ని టీ కొట్లు, కొబ్బరి బోండాలు మాత్రమే. వారాంతాల్లో గుడారాలు అద్దెకిచ్చేవారు రాత్రి భోజనం కూడా పెడతారు. రుచికి, శుభ్రతకు చోటుచోటుకూ తేడా ఉంది, డబ్బు ఇచ్చే ముందు వంట చోటును చూడటం మంచిది. మేము జమ్మలమడుగులోనే రాగి సంగటి, పప్పు తిని, రాత్రికి జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి కట్టించుకొని, రెండు లీటర్ల నీళ్లతో ఎక్కాం. పెన్నా లోయ అంచున రాళ్లలో నీడ ఉండదు, నీళ్లు కిందెక్కడో కనిపిస్తాయి గాని అందవు. మర్నాడు ఉదయం దిగేవరకు ఆ రెండు లీటర్లే ఆధారం. బెలుం గుహల వైపు వెళ్లదలచినవారు మళ్లీ జమ్మలమడుగులో నింపుకొనే కదలాలి. నాపరాళ్ల గనుల మధ్య సాగే ఆ దారిలో చెట్టునీడ తక్కువ, కొలిమిగుండ్లకు మీల్స్ వేళ దాటకుండా చేరాలంటే ఆరింటికే బయలుదేరాలి.