పదిహేను వందల రూపాయల డైమండ్ టెస్టర్‌తో మూడు నెలలు

అమ్మ తన ఏడురాళ్ళ కమ్మలను మా చెల్లెలికి ఇవ్వాలని నిర్ణయించుకున్నప్పుడు, వాటిలోని రవ్వలు అసలైనవేనా అన్న సందేహం ఇంట్లో మొదటిసారి తలెత్తింది. అవి అమ్మమ్మ పెళ్ళినాటివి కావడంతో వాటికి రసీదు గాని, ధ్రువపత్రం గాని లేవు. నగను ల్యాబ్‌కు పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు కనుక, ఆన్‌లైన్‌లో పదిహేను వందల రూపాయలు పెట్టి పెన్ను ఆకారంలో ఉండే డైమండ్ టెస్టర్‌ను తెప్పించాను. దాదాపు ఒకే రూపంలో ఉన్న పరికరాన్ని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. అందువల్ల పేరు జోలికి పోకుండా, ఈ రకం పరికరం నిజానికి దేనిని కొలుస్తుందో, ఎక్కడ పొరబడుతుందో రాస్తున్నాను.

పెట్టెలో లావుపాటి మార్కర్ పెన్ను అంత టెస్టరు, సూదిమొన లాంటి దాని కొనను కాపాడే మూత, విడిరాళ్ళను నిలపడానికి చిన్న గుంటలున్న లోహపు పలక వచ్చాయి. తొమ్మిది వోల్టుల బ్యాటరీని మనమే కొనుక్కోవాలి. స్విచ్ వేసిన అర నిమిషానికి కొన వేడెక్కి, పరికరం సిద్ధమైనట్టు దీపం వెలుగుతుంది. గది వేడిమిని, రాయి పరిమాణాన్ని బట్టి చిన్న చక్రాన్ని తిప్పి సరిచేసుకుని, కొనను రాయి పైముఖానికి నిటారుగా ఆనించాలి. వజ్రమైతే వరుస దీపాలు ఎర్ర గడి దాకా పాకి బీప్ శబ్దం వస్తుంది; గాజు, సీజెడ్ (క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి) వంటివైతే ఆ దీపాలు ఉన్నచోటనే ఆగిపోతాయి.

ఇందులోని కిటుకు రాయి కాఠిన్యంలో లేదు, మెరుపులోనూ లేదు. వేడెక్కిన కొన రాయికి తగిలినప్పుడు ఎంత త్వరగా చల్లబడుతుందో మాత్రమే ఈ పరికరం చూస్తుంది. వజ్రం రాగి కంటే దాదాపు అయిదు రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. లోహాలలో ఉష్ణాన్ని మోసుకుపోయేవి ప్రధానంగా ఎలక్ట్రాన్లు కాగా, వజ్రంలో ఆ పని చేసేది గట్టిగా ముడిపడి ఉన్న కార్బన్ పరమాణువుల కంపనమే. అందువల్లనే ఉష్ణం విషయంలో రాగిని మించిన ఈ రాయి సాధారణంగా విద్యుత్తును మాత్రం పోనివ్వదు. ఈ రెండు గుణాలూ ఒకేచోట ఉండడం అరుదు కనుక, శక్తిమంతమైన లేజర్లలోను, ఎలక్ట్రానిక్ పరికరాలలోను వేడిని లాగివేయడానికి కృత్రిమ వజ్రపు పలకలను వాడుతున్నారు. నోటి ఆవిరి ఊదితే వజ్రం మీది మసక క్షణంలో విడిపోతుందని పెద్దవాళ్ళు చేసి చూపించే పరీక్షలో ఉన్నదీ ఈ సూత్రమే. సుత్తితో కొట్టి చూసే పరీక్ష మాత్రం వట్టి మూర్ఖత్వం. మోస్ కొలమానంలో వజ్రం కాఠిన్యం 10 అంటే దానిని మరొక ఖనిజం గీయలేదని అర్థం గాని, పగలదని కాదు. నాలుగు దిశలలో అది సులభంగా చీలుతుంది.

కమ్మల దగ్గర మొదటి గంట విసుగ్గానే గడిచింది. అవి వెనుక మూసి ఉన్న క్లోజ్ సెట్టింగ్ కమ్మలు. రాళ్ళు చిన్నవి, చుట్టూ బంగారం ఒరిగి ఉంటుంది. కొన ఏమాత్రం పక్కకు జరిగినా లోహానికి తగిలి హెచ్చరిక మోగుతుంది. ఆ హెచ్చరిక మోగాలన్నా పరికరం వెనుక ఉన్న లోహపు పట్టీకి మన వేలు తగులుతూ ఉండాలన్న సంగతిని సూచనల కాగితంలో కంటికి కనిపించనంత చిన్న అక్షరాలలో అచ్చు వేశారు. పైగా చిన్న రాయిని వెంటవెంటనే పరీక్షిస్తే అది వేడెక్కి, రెండోసారి తప్పు ఫలితం వస్తుంది. ఒక్కొక్క రాయికీ ఒకటి రెండు నిమిషాల విరామం ఇవ్వవలసి వచ్చింది. చివరకు ఎడమ కమ్మలో ఏడూ, కుడి కమ్మలో ఆరూ వజ్రాలని తేలాయి. మిగిలిన ఆ ఒక్క రాయి ఎన్నిసార్లు చూసినా పలకలేదు. అప్పుడు గాని అమ్మకు గుర్తు రాలేదు, ఒకసారి రాయి ఊడిపోతే ఊళ్ళోనే వేరొకటి పొదిగించారని. ఈ ఫలితం ఒక్కటే నేను పెట్టిన డబ్బుకు సరిపోయింది.

అయితే పెట్టె మీద ఉన్న "నూటికి నూరుపాళ్ళు అసలు వజ్రాన్ని గుర్తిస్తుంది" అన్న మాట నిజం కాదు. చెల్లెలు ఒక దుకాణంలో వజ్రమని కొన్న ముక్కుపుడకను కూడా ఈ పెన్ను వజ్రమనే చెప్పింది. భూతద్దంతో వాలుగా చూస్తే రాయి లోపలి అంచులు జంటలుగా కనిపించాయి. ఒకే కిరణాన్ని రెండుగా చీల్చే ఆ లక్షణం వజ్రానికి ఉండదు, వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే వేరే రాయికి ఉంటుంది. తెలిసిన నగల నిపుణుడు కూడా అది మొయిసనైటేనని నిర్ధారించారు. సిలికాన్ కార్బైడ్ అయిన ఆ రాయి ఉష్ణప్రసరణలో వజ్రానికి సాటి రాకపోయినా, సీజెడ్ కంటే ఎన్నో రెట్లు ముందుంటుంది కనుక ఈ పెన్ను మోసపోతుంది. అసలు 1893లో అరిజోనా ఉల్కాశకలంలో దానిని కనుగొన్న ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ మొయిసాన్ సైతం తొలుత వజ్రమనే పొరబడ్డాడు, కనుక పెన్నును మరీ నిందించలేం. విద్యుత్ ప్రసరణను కూడా పరీక్షించి మొయిసనైట్‌ను వేరుచేసే టెస్టర్లు ఉన్నాయి. కొత్త నగలను పరీక్షించడమే మీ ఉద్దేశమైతే ఎక్కువ ధరైనా వాటినే తీసుకోవాలి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని ఈ పరికరం గనిలోని వజ్రం నుంచి వేరు చేయలేదు. దీనిని లోపమనలేం, ఎందుకంటే అదీ కార్బన్ స్ఫటికమే, అదీ వజ్రమే. గోల్కొండ వజ్రాలు స్వచ్ఛతకు పేరుపొందడానికి కారణం వాటిలో నైట్రోజన్ దాదాపు లేకపోవడం. వాయువుల నుంచి యంత్రాలలో కొన్ని వారాలలో పెంచే వజ్రాలూ ఎక్కువగా అదే కోవకు చెందుతాయి. గోల్కొండ వజ్రాలు దొరికిన, కృష్ణా తీరంలోని కొల్లూరు గనులకు లోకమంతటి నుంచి వర్తకులను రప్పించిన గుణం ఇప్పుడు యంత్రంలో తయారవుతున్నదన్నమాట. ఈ రెంటికీ ధరలో ఉన్న తేడా మాత్రం చాలా పెద్దది కాబట్టి, ఎరుపు దీపాన్ని నమ్మి గని వజ్రపు ధర చెల్లించకూడదు. హాల్‌మార్క్ కూడా బంగారం నాణ్యతకే హామీ. రాయికి వేరే ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.

మా పెదనాన్నగారి అబ్బాయి పత్తికొండ నుంచి వచ్చినప్పుడు, తొలకరి తర్వాత, వజ్రాలు దొరుకుతాయని పేరున్న జొన్నగిరి పొలాలలో ఏరుకున్న నాలుగు రాళ్ళను తెచ్చాడు. నాలుగూ పెన్నుకు పలకలేదు. పలుగురాళ్ళే అయి ఉంటాయి. అయితే ముడిరాయి పైభాగం గరుకుగా ఉంటే కొన సరిగా ఆనదు కనుక, అటువంటి వాటి విషయంలో ఈ పరికరం కాదన్నంత మాత్రాన ఆశ వదులుకోనక్కరలేదని అతనికి చెప్పాను. అతను మాత్రం చీమకుర్తిలో గ్రానైటును కోసే తీగల మీద ఉన్నది వజ్రపు పొడేనని విని, ఆ తీగలనే పరీక్షిస్తే పోలేదా అన్నాడు. పరిశ్రమలలో వాడే వజ్రంలో అత్యధిక భాగం కృత్రిమమే కాబట్టి అతని ఆశ అక్కడా ఫలించేది కాదు.

పాత నగలలో గాజునూ సీజెడ్‌నూ ఏరివేయడానికి ఈ పెన్ను చాలు. తయారీలో నాకు నచ్చనివి రెండున్నాయి: మూత వదులుగా ఉండి సంచిలో ఊడిపోతుంది, దానితో సున్నితమైన కొన వంగే ప్రమాదం ఉంది, స్విచ్ ఆపడం మరచిపోతే దానంతటది ఆగదు, తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. నేను వాడిన ప్రతిసారీ బ్యాటరీని తీసి విడిగా ఉంచుతున్నాను.