విదేశీ సూచీ ఈటీఎఫ్ కొంటున్నారా? ముందు ఐనావ్ చూడండి

నిన్న అమ్మేశాను. డబ్బు ఇంకా బ్యాంకులో పడలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, ఈలోగా ఇంకెవరైనా కొనేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

హాంకాంగ్ హాంగ్‌సెంగ్ సూచీ ఈటీఎఫ్, అంటే ఆ సూచీలోని షేర్లు కొనే ఫండ్, దాని యూనిట్లు షేర్లలాగే మార్కెట్లో కొనొచ్చు, అమ్మొచ్చు. మా బ్రోకర్ దగ్గరి ఆర్‌ఎం (రిలేషన్‌షిప్ మేనేజర్) చెప్పాడు, 4 లక్షలు పెట్టాను. అలాంటి ఫోన్లు మీకూ వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ కథంతా వద్దు. "ఈటీఎఫ్ మేడమ్, సూచీ ఎంత పెరిగితే మీకూ అంతే" అన్నాడు. ఫోన్ పెట్టకముందే, మధ్యాహ్నం మూడింటికి, మార్కెట్ ఆర్డర్ (ఆ క్షణంలో ఎంత ధర ఉంటే అంతకు కొనేది) వేయించాడు.

నాలుగు నెలల్లో ఫండ్ ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ అసలు విలువ) 4 శాతం పెరిగింది. నాకు మాత్రం 7 శాతం పైగా నష్టం, దాదాపు 30 వేలు! మొదట యాప్‌లోనే ఏదో తప్పుందనుకున్నాను. పాత లెక్కలన్నీ తీసి చూస్తే, నేను కొన్నరోజు ఎన్‌ఏవీ 100 ఉంటే నేను కట్టిన ధర 118. అంటే 4 లక్షల్లో 61 వేలు ఏ షేరులోకీ వెళ్లలేదు, నాకు అమ్మినవాళ్లకు పోయాయి. నేను అమ్మేనాటికి ఆ ప్రీమియం, అంటే అసలు విలువ మీద అదనపు ధర, 5 శాతానికి పడిపోయింది.

ఆర్‌ఎంకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: "ప్రీమియం ఉందని ఆ రోజు నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. మీరు అడగలేదు కదా."

అంత మామూలుగా అన్నాడు. నాకు నోట మాట రాలేదు. లేదనీ, పొరపాటైందనీ అన్నా ఇంత బాధపడేదాన్ని కాదు. తెలుసట! పైగా "ఐనావ్ అందరికీ కనిపిస్తుంది, మీరే చూసుకోవాల్సింది" అని (ఐనావ్ అంటే మార్కెట్ నడుస్తుండగా ఎప్పటికప్పుడు చూపించే ఎన్‌ఏవీ అంచనా) నాకే పాఠం చెప్పి, వేరే క్లయింట్ లైన్‌లో ఉన్నారంటూ పెట్టేశాడు. గంట తిరక్కుండా అతని నంబరు నుంచి మెసేజ్ వచ్చింది, అదే ఈటీఎఫ్ కొనమని. ఎంతమందికి పంపాడో! ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

చూసుకోకపోవడం నా తప్పే, కాదనను. 4 లక్షలు పెట్టేదాన్ని పది నిమిషాలు చదవాల్సింది.

ఇప్పుడు చదివితే తెలిసింది. మామూలుగా ధర ఎన్‌ఏవీని దాటితే మార్కెట్ మేకర్లు (ఈటీఎఫ్ యూనిట్లు కొంటూ అమ్ముతూ ఉండే సంస్థలు) కొత్త యూనిట్లు తెచ్చి అమ్ముతారు, ధర దిగుతుంది. విదేశీ ఫండ్లకు ఆ దారి చాలాసార్లు మూసుకుపోతోంది. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లే. 2022 ఫిబ్రవరిలో ఆ పరిమితి దగ్గరపడిందని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ కొత్త పెట్టుబడులు ఆపించింది, తర్వాత ఖాళీ అయినంత మేరకే అనుమతించింది. కొత్త యూనిట్లు రావు, కొనేవాళ్లు ఆగరు. అందుకే ఆ ధర. ఆ గిరాకీ తగ్గిన రోజు సూచీ పడకపోయినా మన డబ్బు పోతుంది.

కొనే ముందు ఫండ్ సంస్థ సైట్‌లో ఐనావ్ చూసి, దానికి దగ్గరగా లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి కొననని ధర చెప్పేది) పెట్టండి. రెండు, మూడు శాతం మించి తేడా ఉంటే నేనైతే ఇక ముట్టుకోను. హాంకాంగ్ మార్కెట్ మన టైమ్‌లో ఒంటిగంటన్నరకే మూస్తారు, ఆ తర్వాత అక్కడి షేర్ల తాజా ధర తెలియదు, కాబట్టి నాలాగా మూడింటికి కొనకండి.

ఆ రోజు కాల్ రికార్డింగ్ ఇమ్మని బ్రోకర్‌కి మెయిల్ పెట్టాను. ఇవ్వకపోతే సెబీ ఫిర్యాదుల సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు చేస్తాను.