మోటారుకు పూర్తి మార్కులు, గిన్నె పిడికి సున్నా

వెయ్యి వాట్ల మోటారు, పెద్ద గిన్నె, మూడు జార్లు, తురమడానికీ తరగడానికీ వేరువేరు బిళ్లలు ఉన్న మా ఫుడ్ ప్రాసెసర్‌కు నేను వేసే మార్కులు అయిదుకు మూడు. కంపెనీ పేరు రాయను. రాస్తే చర్చంతా దాని మీదికి పోతుంది, నేను మాట్లాడదలచుకున్నది గిన్నె పిడి గురించి.

పని విషయంలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. అరకిలో గోధుమపిండి వేసి, మూత మీది గొట్టంలోంచి నీళ్లు సన్నధారగా పోస్తూ తిప్పితే, కాసేపటికే పిండి గిన్నె అంచులను వదిలి బ్లేడు చుట్టూ ముద్దగా చేరుతుంది. అక్కడ ఆపేయాలి. తన చేత్తో కలిపిన పిండి కంటే ఇదే మెత్తగా ఉందని మా వారు కూడా ఒప్పుకున్నారు, ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఎండాకాలంలో తురుము పచ్చడికి మామిడికాయలు తురమడంలో దీనికి సాటి లేదు. పచ్చికొబ్బరి కూడా చక్కగా పడుతుంది. ఉల్లిపాయల దగ్గర మాత్రం నిరాశే. ఒక్క క్షణం ఎక్కువ తిప్పితే ముక్కలు పోయి నీరు కారే ముద్ద మిగులుతుంది. పెసరట్టు మీదికి ఉల్లిపాయలు ఇప్పటికీ కత్తిపీటతోనే తరుగుతున్నాను. పళ్లరసం తీసే జార్ పెట్టెలోంచి బయటికే రాలేదు కాబట్టి దాని గురించి చెప్పేదేమీ లేదు.

ఇంత బాగా పనిచేస్తున్న యంత్రం ఒక ఉదయం స్విచ్చు తిప్పితే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. కాలిన వాసన లేదు, మూలుగు కూడా లేదు. గిన్నెలో పిండీ నీళ్లూ సిద్ధంగా ఉన్నాయి, చపాతీలకు జనమూ సిద్ధంగా ఉన్నారు.

హైస్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పిన మనిషిని. ఏదైనా పనిచేయకపోతే అన్నీ ఒకేసారి కెలకకూడదు, ఒక్కొక్కటే మార్చి చూడాలి అని పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. అందుకని సాకెట్‌తో మొదలుపెట్టాను. చాలామంది ఇక్కడ ఫోను చార్జర్ పెట్టి చూసి, ‘కరెంటు వస్తోంది’ అని తేల్చేస్తారు. చార్జర్ లాగే కరెంటు ఎంతని? వెయ్యి వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. వదులైన సాకెట్ చార్జర్‌ను మోయగలదు గానీ దీన్ని మోయలేకపోవచ్చు. ఇస్త్రీపెట్టె పెట్టి చూశాను, చక్కగా వేడెక్కింది. తరువాత మోటారు ఉండే బేస్ అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కాను. మోటారు మీద భారం ఎక్కువైనప్పుడు కరెంటును తెంచేసే ఓవర్‌లోడ్ బటన్ అది. నొక్కినా మార్పు లేదు. మూడోసారి పెద్ద గిన్నె తీసేసి చట్నీ జార్ బిగించాను. అది గిర్రున తిరిగింది.

అక్కడితో మోటారు, స్విచ్చు, వైరు అన్నీ నిర్దోషులని తేలిపోయింది. నేరం గిన్నెది.

దీని లోపలి ఏర్పాటు తెలిస్తే ఆ మాట అర్థమవుతుంది. మూత అంచున చిన్న నాలుకలాంటి బొడిపె ఉంటుంది. మూతను తిప్పి బిగించినప్పుడు ఆ బొడిపె గిన్నె పిడి పైభాగంలోని సందులో దూరుతుంది. పిడి లోపల కంటికి కనబడని ప్లాస్టిక్ కడ్డీ ఒకటి నిలువుగా ఉంటుంది. బొడిపె దాన్ని కిందికి తోస్తే, దాని కొన బేస్‌లోని రంధ్రంలోకి దిగి మైక్రో స్విచ్చు అనే చిన్న స్విచ్చును నొక్కుతుంది. అప్పుడే మోటారుకు కరెంటు అందుతుంది. మూత తీయగానే కడ్డీ చుట్టూ ఉన్న స్ప్రింగు దాన్ని మళ్లీ పైకి లేపుతుంది, కరెంటు ఆగుతుంది. సేఫ్టీ లాక్ అనేది ఇదే. ఆ కడ్డీ కదిలేది వడ్లగింజ పొడవంత. ఆ కాస్త కదలిక తగ్గినా వెయ్యి వాట్ల మోటారు పనికిరానిదైపోతుంది. మా మెషీన్‌లో జార్లకు ఈ కడ్డీతో పని లేదు, వాటి అడుగున ఉన్న బొడిపె నేరుగా స్విచ్చును నొక్కుతుంది. చట్నీ జార్ తిరిగి గిన్నె తిరగకపోవడానికి కారణం ఇదే.

ప్లగ్గు తీసేసి, ఖాళీ గిన్నెను చేతిలోకి తీసుకుని, పిడి పైనున్న సందులో పెన్సిల్‌తో నొక్కి చూశాను. కింద కొన బయటికి రావాలి. రాలేదు. సగం దూరం దిగి, గరగరమని ఆగింది. పిడి కింది అంచున గోటితో గీకితే పసుపు తెలుపు కలిసిన పొడి రాలింది. ఎండిపోయిన గోధుమపిండి. పలచటి పిండినీళ్లు మూత అంచునుంచి పిడి సందులోకి దిగి, లోపల గట్టిపడి, కడ్డీని పట్టేశాయన్నమాట. ఈ గిన్నెలో పిండి కలుపుకోవచ్చని అట్టపెట్టె మీద బొమ్మ వేసి మరీ అమ్మారు. గిన్నెను నీళ్లలో కడగవచ్చనీ పుస్తకంలో ఉంది. ఆ పిండీ ఆ నీళ్లూ పిడిలోకి పోకుండా ఒక రబ్బరు తొడుగు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. క్యారెట్ హల్వా చేసే విధానానికి ఒక పేజీ ఇచ్చారు. ‘ఆన్ కాకపోతే’ అన్న శీర్షిక కింద ఉన్నది, గిన్నె, మూత సరిగా బిగించారో లేదో చూడండి, అప్పటికీ పనిచేయకపోతే సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి అన్న ముక్క. కడ్డీ ఊసు లేదు, స్ప్రింగు ఊసు లేదు.

సంప్రదించాను. వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్లు అడిగి తాగి, గిన్నెను చూసి చూడగానే విషయం పట్టేశాడు.

“లాక్ పోయింది మేడమ్. గిన్నె సెట్ మార్చాలి. 2,650 అవుతుంది.”

“స్ప్రింగు మారిస్తే సరిపోదా, బాబూ?”

“స్ప్రింగు విడిగా రాదు మేడమ్. కంపెనీ ఇవ్వదు.”

“మోటారుకు అయిదేళ్ల వారంటీ ఉంది కదా?”

“మోటారు బాగానే ఉంది కదా మేడమ్. గిన్నె ప్లాస్టిక్, దానికి వర్తించదు.”

చెడిపోని దానికి అయిదేళ్ల హామీ, చెడిపోయే దానికి ఏమీ లేదు. ఆ అబ్బాయిని అని లాభం లేదు, అతనికి ఇచ్చిన విడిభాగాల జాబితాలో ఉన్నదే అతను చెప్పగలడు. వచ్చినందుకు 350 రూపాయలు తీసుకుని రసీదు ఇచ్చి వెళ్లాడు. ఇంటి వస్తువులకు మరమ్మతు దొరకాలని కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. కంపెనీ గిడ్డంగి నుంచి ఒక స్ప్రింగు మా రాజమహేంద్రవరం దాకా రావడానికి ఇంకా దారి పడినట్టు లేదు.

మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే పాత షాపు ఒకటి మా బజారు సందులో ఉంది. బల్ల నిండా విప్పిన మోటార్లు, గోడకు దండగా గుచ్చిన, జార్‌ను మోటారుకు కలిపే కప్లర్లు. పెద్దాయన గిన్నెను తిప్పి చూసి, మొదట అన్న మాట నాకు నచ్చలేదు.

“స్విచ్చు డైరెక్ట్ చేసేయమంటారా టీచర్ గారూ? ఇక ఈ మూత గొడవే ఉండదు.”

డైరెక్ట్ చేయడమంటే మైక్రో స్విచ్చు రెండు కొసలనూ వైరుతో కలిపేయడం. ఇక మూత ఉన్నా లేకున్నా యంత్రం తిరుగుతుంది. వద్దంటే వద్దన్నాను. మిక్సీ జార్ లోతుగా ఉంటుంది, బ్లేడు అడుగున ఎక్కడో ఉంటుంది. ఈ గిన్నెకు నోరు వెడల్పు, బ్లేడు చేతికి అందేంత దగ్గర. స్టూలెక్కి వంటగట్టు మీదికి చేయి చాపే మనవడు ఉన్న ఇల్లు మాది. లాక్ పెట్టినందుకు కంపెనీని నేను తప్పుపట్టడం లేదు, అది ఉండి తీరాలి. మా చిన్నప్పుడు మిక్సీ మూత మీద అమ్మ అరచేయి ఉండేది, అదే ఆవిడ సేఫ్టీ లాక్. సుమీత్ మిక్సీ వచ్చిన తరువాత ఒక తరమంతా మూతను అలా నొక్కిపట్టుకునే పచ్చళ్లు నూరింది. ముంబయిలో మాథుర్ అనే ఇంజనీరు, ఇంట్లోని జర్మనీ మిక్సర్ మన రుబ్బుడుకు తట్టుకోలేక కాలిపోతే, తానే గట్టి మోటారుతో సుమీత్‌ను తయారుచేశాడని చెబుతారు. మోటారు విషయంలో మన కంపెనీలు ఆ పాఠం బాగానే నేర్చుకున్నాయి. గోధుమపిండి ఎక్కడెక్కడికి దూరుతుందన్న పాఠం మిగిలిపోయింది.

పెద్దాయన మరో మాట మాట్లాడకుండా పని మొదలుపెట్టాడు. పిడి వెనక రబ్బరు బిరడాల కింద దాక్కున్న రెండు మరలు విప్పాడు. కవరు ఊడివచ్చింది. లోపల కడ్డీ చుట్టూ పిండి రాయిలా బిగుసుకుని ఉంది, స్ప్రింగు తుప్పుపట్టి చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, పాత పళ్లబ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచాడు. బిస్కెట్ల డబ్బాలోంచి స్ప్రింగులు బల్ల మీద పోసి, ఒక్కొక్కటీ కడ్డీకి తొడిగి వేలితో నొక్కి చూసి, తుప్పుపట్టని ఉక్కుది ఒకటి ఎంచాడు. మరీ గట్టిదైతే మూత బిగుసుకోదట, మరీ మెత్తదైతే కడ్డీ పైకి లేవదట. పొడవు ఎక్కువైతే ఒక చుట్టు కత్తిరించాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. గిన్నె కడిగాక పిడి కిందికి ఉండేలా వాలుగా బోర్లించమని, నీళ్లలో నానబెట్టవద్దని చెప్పాడు. ఆ షాపుకు అయిదుకు నాలుగున్నర. డైరెక్ట్ మాట అనకపోతే అయిదూ ఇచ్చేదాన్ని.

మీ యంత్రం ఏ గిన్నె పెట్టినా, ఏ జార్ పెట్టినా కదలకపోతే కథ వేరు. ఎర్ర బటన్ నొక్కే ముందు స్విచ్చును సున్నాకు తెచ్చి, మోటారు చల్లారేదాకా ఆగండి. వేడిమీద నొక్కితే అది నిలవదు. బటన్ బాగానే ఉన్నా కదలకపోతే, ముఖ్యంగా పాత యంత్రాల్లో, కార్బన్లు అరిగిపోయి ఉండవచ్చు. ఈ మోటారు డ్రిల్లింగ్ మెషీన్‌లో ఉండే జాతిదే, తిరిగే భాగానికి కరెంటును అందించేవి ఆ రెండు కార్బన్ ముక్కలే. అవి అరిగేకొద్దీ మెరుపులు ఎక్కువవుతాయి, తరువాత ఒకసారి తిరగడం, ఒకసారి మొరాయించడం. వాటిని మార్చడం చిన్నపని. ‘ఊఁ’ అని మూలుగుతూ తిరగకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. అలా పట్టేసిన మోటారుకు కరెంటు ఇస్తూ పోతే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, కాలిపోతుంది. ప్లగ్గు తీసి, జార్ ఎత్తి, కప్లర్‌ను చేత్తో తిప్పి చూడండి. అది తేలిగ్గా తిరిగితే తప్పు జార్ అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్‌ది.

మా కోడలు బెంగళూరులో ఇలాంటిదే కొంటానని నాలుగు మోడళ్ల ఫోటోలు పంపింది. వాట్లు, జార్ల సంఖ్య చూసి ఏది మంచిదో చెప్పమంది. షాపుకు వెళ్లి గిన్నెను తిరగేసి, పిడి వెనక మరలు ఉన్నాయో, మొత్తం అతికించేశారో చూడమన్నాను. మరలు ఉంటే, స్ప్రింగు విడిగా అమ్ముతారా అని అడగమన్నాను. రెండు చోట్ల అడిగిందట. ఒకచోట జ్యూసర్ ఉచితమన్నారు, ఇంకోచోట కనుక్కుని చెబుతామన్నారు. కనుక్కుని చెబుతామన్న షాపులోనే కొనమని చెప్పాను, వాళ్లు నిజంగా కనుక్కుంటే.