జర్మనీలో '1 యూరో ట్రయల్' ఆన్‌లైన్ కోర్సు తీసుకుంటున్నారా? ముందు ఇది చదవండి

ఈ సెమిస్టర్‌కి జర్మనీ వస్తున్న మనవాళ్ల కోసం, ముఖ్యంగా జర్మన్ భాషలో బీ1 స్థాయి సర్టిఫికెట్ తొందరలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. నాలుగు నెలలు నాకు నిద్ర లేకుండా చేసిన విషయం ఇది.

మాగ్డెబుర్గ్‌లో ఎంఎస్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా జర్మన్ ఎంతవరకు వచ్చు అనే అడుగుతున్నారు. అప్పుడే ఒక సైట్‌లో జర్మన్ కోర్సు '30 రోజులు 1 యూరోకే' అని కనబడింది. ఐబాన్, అంటే బ్యాంకు ఖాతా నంబర్ ఇచ్చాను, కింద రెండు టిక్కులు పెట్టాను. మొదటిది షరతులకు. రెండోది నేను చదవనేలేదు. కోర్సు వెంటనే మొదలుపెట్టమని నేనే కోరుతున్నానని, దాంతో వెనక్కి ఇచ్చేసే నా హక్కు పోతుందని తెలుసునని అందులో ఉంది. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని మామూలుగా 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేయవచ్చు. వీడియో పాఠాల లాంటి డిజిటల్ సరుకుకి ఆ ఒక్క టిక్కుతో ఆ హక్కు పోవచ్చు.

పాఠాలు నాకు నచ్చలేదు. 22వ రోజున చాట్‌లో 'నాకు వద్దు, ఆపేయండి' అని రాశాను. 'మీ మాట నమోదు చేసుకున్నాం' అని జవాబు వచ్చింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. 31వ రోజున ఖాతాలోంచి 39.90 యూరోలు పోయాయి. ట్రయల్ దానంతటదే 12 నెలల ఒప్పందంగా మారిపోయిందట. అంటే మొత్తం 478.80 యూరోలు!

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. బ్యాంకు యాప్‌లో ఆ డబ్బు వెనక్కి లాగేసుకున్నాను. ఖాతాలోంచి అలా నేరుగా కోసుకున్న డబ్బుని 8 వారాల్లోపు కారణం చెప్పకుండా తిరిగి తీసుకోవచ్చు, అది నిజమే. మనవాళ్లలో చాలామంది అలా చేసి గొడవ వదిలిందనుకుంటారు. డబ్బు వెనక్కి వస్తుంది గానీ ఒప్పందం మాత్రం అలాగే ఉంటుంది, బాకీ పెరుగుతూ పోతుంది. రెండో నెల కూడా అదే చేశాను. వాళ్ల హెచ్చరిక మెయిళ్లు స్పామ్‌లో పడి ఉన్నాయి, చూసుకోలేదు. తర్వాత ఇన్‌కాసో నుంచి, అంటే బాకీలు వసూలు చేసే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఫీజులతో కలిపి 130 యూరోల పైన కట్టాలట.

ఇంట్లో చెబితే అమ్మ 'పోలీసు కేసు అవుతుందా నాన్నా?' అని ఏడ్చేసింది. అవ్వదు. ఇన్‌కాసో పోలీసు కాదు, కోర్టు కూడా కాదు. కానీ నా టెన్షన్ వేరే. అప్పుడే గది మారాలని చూస్తున్నాను. ఇక్కడ ఇల్లు అద్దెకివ్వాలంటే షూఫా కాగితం, అంటే మనం బాకీలు సరిగ్గా కడతామా లేదా అని చెప్పే రికార్డు అడుగుతారు. అందులో ఎగవేతదారుగా నా పేరు ఎక్కితే ఇల్లు ఎవరిస్తారు?

ఒక సీనియర్ అక్క చెప్పి నన్ను ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలెకి పంపింది. వినియోగదారులకు సలహా ఇచ్చే కేంద్రం అది, దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంటుంది. కొద్దిగా ఫీజు తీసుకుంటారు. అక్కడున్న మేడం నా కథంతా విని మొదట అడిగింది ఒక్కటే: 'లాగిన్ అవకుండా ఆ సైట్ తెరిచి, రద్దు బటన్ ఎక్కడుందో చూపించండి.'

ఎంత వెతికినా కనబడలేదు. లాగిన్ అయ్యి, ప్రొఫైల్‌లోకి వెళ్లి, ఇంకో మూడు పేజీలు దాటితే గానీ రాలేదు.

2022 జూలై 1 నుంచి జర్మనీలో ఇది చట్టం. నెలనెలా డబ్బు తీసుకునే ఒప్పందాన్ని వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లు 'ఫెర్‌ట్రేగె హియర్ క్యూండిగెన్', అంటే 'ఒప్పందాలు ఇక్కడ రద్దు చేసుకోండి' అనే బటన్ పెట్టాలి. అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, తేలిగ్గా కనబడాలి. నొక్కితే పేరు, ఒప్పందం వివరాలు అడిగే పేజీ వస్తుంది. దాని చివర 'యెట్స్ట్ క్యూండిగెన్', అంటే 'ఇప్పుడే రద్దు' అనే బటన్ ఉంటుంది. అది నొక్కగానే తేదీ, సమయంతో సహా మీకు మెయిల్ రావాలి. ఈ ఏర్పాటు చట్టం చెప్పినట్టు లేకపోతే, నోటీసు గడువు లేకుండా ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు మనది. ఇంత మంచి చట్టం ఉందని ఇక్కడ మూడేళ్లున్న నాకే తెలియదు. నిన్న దిగినవాళ్లకి ఎవరు చెబుతారు? అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేడం సాయంతో ఆ కంపెనీకి, ఇన్‌కాసోకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాను. బటన్ నిబంధన పాటించలేదు కాబట్టి ఒప్పందం రద్దు చేస్తున్నానని రాశాను. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదని కూడా రాశాను. ఈ రెండో మాట చాలా ముఖ్యం. మనం అభ్యంతరం చెప్పిన బాకీని షూఫా లాంటి చోట ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. ఊరుకుంటేనే ప్రమాదం. ఊరుకున్నా సరే, ఎక్కించే ముందు రెండు రాతపూర్వక హెచ్చరికలు ఇవ్వాలి, మొదటి హెచ్చరికకీ ఎక్కించడానికీ మధ్య కనీసం 4 వారాలు ఉండాలి.

యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం (జీడీపీఆర్) 15వ అధికరణం కింద నా గురించి వాళ్ల దగ్గరున్న సమాచారమంతా ఇవ్వమని కూడా అడిగాను. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. మామూలుగా నెలలోపు ఇవ్వాలి, మొదటి కాపీకి డబ్బు తీసుకోకూడదు. వచ్చిన కాగితాల్లో ఏముందో తెలుసా? 22వ రోజు నేను చాట్‌లో రాసిన మాట, తేదీతో సహా! నేను స్క్రీన్‌షాట్ తీసుకోలేదు, వాళ్లే దాచిపెట్టి నాకు పంపారు. అది జత చేసి మళ్లీ రాసిన పది రోజులకి 'మా సౌజన్యంగా' బాకీ వదిలేస్తున్నామని జవాబు వచ్చింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

మీలో ఎవరికైనా పసుపు కవర్‌లో కోర్టు కాగితం వస్తే దాన్ని పక్కన పడేయకండి. దాన్ని మాన్‌బెషైడ్ అంటారు, బాకీ కట్టమని కోర్టు పంపే నోటీసు అది. పంపేటప్పుడు బాకీ నిజమా కాదా అని కోర్టు చూడదు. లోపల అభ్యంతరం ఫారం ఉంటుంది, అది 2 వారాల్లో తిరిగి పంపాలి. పంపకపోతే దాని తర్వాత వచ్చే ఉత్తర్వుతో 30 ఏళ్ల వరకు వసూలు చేయవచ్చు.

ఇంకో మార్పు కూడా ఉంది. ఆన్‌లైన్ ఒప్పందాలకి ఆ 14 రోజుల హక్కు వాడుకోవడానికి కూడా సైట్‌లోనే ఒక బటన్ ఉండాలని యూరోపియన్ యూనియన్ నిర్ణయించింది, 2026 జూన్ 19 నుంచి. అయినా ఆ రెండో టిక్కు చదవకుండా పెడితే ఆ బటన్ ఉన్నా మనకి ఉపయోగపడకపోవచ్చు.

నేను పంపిన జర్మన్ ఉత్తరాలు పేర్లు తీసేసి దాచి ఉంచాను. ఇలాంటి బాకీ ఉత్తరం వచ్చి భయపడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, పంపిస్తాను.